తెరమీది పుస్తకము – ఆడపిల్లల చదువు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగునపుడు ఎన్ని పుస్తకములు చేరినవి, ఎందరు సభ్యులైరి, ఎన్ని పత్రికలు వచ్చుచున్నవి అని లెక్క చూచుకొనుట ఆచారము. ఆ లెక్కతోపాటు మరియొక లెక్కయు చూడవలసియున్నది. ఈ గడప దాటి లోనికి వచ్చి, తన పేర పుస్తకము వ్రాయించుకొని, ఇంటికి గొనిపోయిన ఆడపిల్లలెందరు? వారిలో బడి మానిన పిమ్మటకూడ వచ్చినవారెందరు? వికారాబాదు, తాండూరు ప్రాంతములలోని ప్రతి గ్రామ గ్రంథాలయమును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసినదే. నేటి ప్రసంగ విషయము అదియే.

తెలుగునాట గ్రంథాలయముల కథ చెప్పునపుడు ఒక అక్కను, ఒక తమ్ముని తలచుకొనక తప్పదు. భండారు అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. చిన్ననాటనే వివాహమయ్యెను. బడి చదువు లేదు. భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో కాపురముండగా, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకొరకు ఆ యింటనే యుండిరి. తమ్మునికి పాఠము జరుగునపుడు ప్రక్కన కూర్చుండి ఆమె తెలుగు, హిందీ నేర్చుకొనిరి. అట్లు నేర్చిన చదువుతోనే 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను స్త్రీల చరిత్రను, 1902లో ‘ధన త్రయోదశి’ అను కథను ప్రకటించిరి. 1905లో చిన్న వయస్సునకే స్వర్గస్థులైరి. ఆ తమ్ముడే 1901లో మునగాల రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలగువారితో కలిసి హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పెను. తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు అదియే తొలి దీపము.

ఆ యక్కకు చదువు ఎట్లబ్బినదో గమనింపుడు. పాఠము తమ్మునిది. పుస్తకము తమ్మునిది. గురువు తమ్మునికొరకు వచ్చినవాడు. ప్రక్కన కూర్చుండు వీలు మాత్రమే ఆమెది. ఆ వీలు దొరకని అక్కలు ఎందరో లెక్కకు అందరు. నేడు అక్షరము సెల్‌ఫోను తెరమీద కూడ ఇంటిలోనికి వచ్చుచున్నది. వచ్చు దారి మారినదిగాని ఆడపిల్ల కూర్చుండు చోటు మారలేదు. ఫోను నాయనది, లేదా అన్నది. చెల్లెలు ప్రక్కనుండి తొంగి చూచుచున్నది. ఇట్లు ప్రక్కనుండి చూచు పిల్లకు తనదైన చోటును, తనదైన గంటను, తనదైన పుస్తకమును కల్పించుటయే గ్రామ గ్రంథాలయము నేడు పూనవలసిన పని.

ఇది గ్రంథాలయములకు కొత్త ధర్మము కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారివంటి పెద్దలు బోధించినది ఇదియే. పుస్తకమున్న చోటికి చదువరి రాలేనపుడు, చదువరి యున్న చోటికి పుస్తకము పోవలెను. ఆ మాట పట్టుకొనియే పాతూరి నాగభూషణముగారు 1935లో గుంటూరు జిల్లాలో పడవమీద గ్రంథాలయము నడిపిరి. కాలువ యెక్కడికి పోవునో పుస్తకము అక్కడికి పోయెను. ఆచార్య రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు కూర్చినపుడు, ప్రతి చదువరికి తగిన పుస్తకము లభింపవలెననుట వానిలో నొకటిగా నిలిపిరి. ప్రతి చదువరి అన్నపుడు అందులో ఆడపిల్లయు చేరియున్నదని వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆచరణలో చెప్పవలసియే వచ్చుచున్నది. ఏలయన, పల్లె గ్రంథాలయమనగా సాయంకాలము మగవారు కూర్చుండి పత్రికలు చదువుకొను అరుగు అను అభిప్రాయము ఇంకను పోలేదు.

ఆడపిల్లల చదువుకొరకు ఈ నేలమీదనే పూర్వులు ఎంత శ్రమపడిరో తలచుకొనుట ఉచితము. నిజాము రాజ్యమున ఉర్దూ బోధనాభాషగా నున్న కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున తెలుగు బాలికలకొరకు పాఠశాల స్థాపించిరి. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలను పరీక్షకు పంపుటకు ఇచ్చట వీలులేకపోగా, కార్వేగారు 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయముతో ఆ పాఠశాలను అనుబంధించిరి. మాతృభాషలో చదివిన చదువునకు గుర్తింపుకొరకు వందల మైళ్ళ దూరము చూడవలసివచ్చెను. అంతటి అడ్డంకులు నేడు లేవు. నేటి అడ్డంకులు ఇంటిలోపలివి, చిన్నవి. చిన్నవి గనుకనే కంటికి కానరావు.

ఇక ఈ ప్రాంతము సంగతి. వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న, రంగారెడ్డి జిల్లానుండి విడివడి ఏర్పడినది. సికిందరాబాదునుండి వాడి వరకు పోవు రైలుదారి 1874 నుండియు వికారాబాదు, తాండూరుల మీదుగనే పోవుచున్నది. అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. తాండూరు చుట్టుపట్ల నేల లోపల నాపరాయి, నేలపైన కంది. తాండూరు నాపరాళ్ళు పరచిన ఇండ్లు దూరదేశములలోను గలవు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంత సంపద పుట్టించు నేలలో చదువు పంట మాత్రము పలుచనైనది. 2011 జనగణనను బట్టి, నేటి జిల్లా హద్దులలో ఏడేండ్లు దాటినవారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 58 మంది. తెలంగాణ మొత్తముమీద పురుషులలో అక్షరాస్యులు నూటికి సుమారు 75, స్త్రీలలో సుమారు 58. అనగా రాష్ట్రమున స్త్రీలకు ఎంత అక్షరాస్యత గలదో, ఈ జిల్లాలో స్త్రీపురుషులను ఇరువురను కలిపినను అంతయే యున్నది. ఇచ్చటి స్త్రీల స్థితి ఇంకెంత దిగువనుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

కారణములు అందరెరిగినవే. పత్తి ఏరు కాలము వచ్చినను, కంది కోతలు వచ్చినను ఇంటిలో చేతులు చాలవు. తల్లిదండ్రులు నాపరాతి గనికో, కూలికో పోవునపుడు చంటిపిల్లను ఎత్తుకొనుట పెద్దపిల్ల పాలబడును. బడి మానుట ఒకనాడు జరుగునది కాదు. ముందు నాలుగు రోజులు, తరువాత పది రోజులు, ఆ పిమ్మట వెనుకబడితినను సిగ్గు, చివరకు మానుట. దీనికి తోడు భాషల చిక్కు. తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును. తండాలలో పిల్లకు తల్లి నేర్పినది లంబాడి. బడిలో మొదటి రోజుననే ఆ పిల్ల పరభాషలో అక్షరము దిద్దవలసియున్నది.

ఈ చిక్కులు తీరనివి కావని ఈ ప్రాంతమే ఒకసారి నిరూపించినది. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషను, శాంతా సిన్హాగారి నాయకత్వమున, 1991 ప్రాంతమునుండి నాటి రంగారెడ్డి జిల్లా గ్రామములలో పనిచేసెను. బడిలో లేని ప్రతి పిల్లయు పనిలోనున్న పిల్లయే యని వారు ఎంచిరి. ఇంటిపని చేయు ఆడపిల్లను కూలిపిల్లగా లెక్కవేయుటచే అంతవరకు ఎవ్వరికిని కానరాని పిల్లలు లెక్కలోనికి వచ్చిరి. ఏండ్ల తరబడి బడి మానిన పిల్లలకొరకు శిబిరములు పెట్టి, వయస్సుకు తగిన తరగతికి సిద్ధపరచి, మరల బడికి పంపిరి. ఆ కృషికి గుర్తుగా శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. పేదవాడు పిల్లను చదివింపగోరడను మాట అపోహయని, దారి చూపినచో తల్లిదండ్రులే ముందుకు వత్తురని ఆ కృషి తెలిపినది.

నేడు చిన్నతరగతులలో ఆడపిల్లలు బడికి వచ్చుచున్నారు. చిక్కు తరువాత వచ్చుచున్నది. నిర్బంధ ఉచిత విద్య చట్టము 2010 నుండి అమలులోనికి వచ్చినది. దాని రక్ష పదునాలుగేండ్ల వరకే. ఆ పిమ్మట పిల్ల ఎటుపోయినను అడుగువారు తక్కువ. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున 20 నుండి 24 యేండ్లలోపు స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పదునెనిమిది నిండకమునుపే వివాహమైనవారని తేలినది. 2023లో ‘అసర్’ వారు దేశమున 28 జిల్లాల గ్రామములలో 14 నుండి 18 యేండ్ల పిల్లలను పరీక్షింపగా, సుమారు నాలుగవ వంతు మంది తమ భాషలో రెండవ తరగతి పాఠమును తడబడక చదువలేకపోయిరి. చదివిన అక్షరమైనను వాడుకలేనిచో తుప్పుపట్టును. బడి మాని అత్తవారింటికి పోయిన పిల్ల అయిదేండ్లలో చదువుట మరచి సంతకమునకు పరిమితమగుట అరుదు కాదు. ఆమెకు బడి లేదు. పుస్తకము కొనిపెట్టువారు లేరు. ఊరిలో మిగిలినది గ్రంథాలయ మొక్కటే.

ఇచ్చట తెరమీది పుస్తకము ప్రసక్తి వచ్చుచున్నది. 2020లో మహమ్మారివలన బడులు మూతపడినపుడు, సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము టీ–శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠములు ప్రసారము చేసెను. పాఠము ఇంటికే వచ్చెను. కాని వచ్చిన పాఠము అందరికిని సమముగా అందలేదు. ఇంటికి ఒక్కటే ఫోనున్నచోట అది పగలు తండ్రి వెంట పనికి పోవును. మాపటికి అన్న చేతిలో నుండును. చెల్లెలికి మిగులునది అంట్లు తోముట ముగిసిన తరువాతి పావుగంట. పైన చెప్పిన 2023 అసర్ పరిశీలనలో, ఫోను వాడనేర్చిన పిల్లలలో సొంత ఫోనుగల మగపిల్లలు నూటికి 44 మంది, ఆడపిల్లలు 20 మంది. 2019–21 సర్వేలో తెలంగాణ స్త్రీలలో ఇంటర్నెట్టు ఎన్నడైనను వాడినవారు నూటికి సుమారు 27 మంది. పురుషులు సుమారు 57 మంది. తేడా తెలివిలో లేదు. పరికరము ఎవరి చేతిలో నున్నదనుటలో నున్నది.

ఆమె చేతికి అందినచో ఏమి జరుగును? యునెస్కో సంస్థవారు 2014లో భారతదేశముతో సహా ఏడు దేశములలో ఫోనుమీద పుస్తకములు చదువువారిని పరిశీలించిరి. చదువరులలో మూడువంతులకు మించి పురుషులే. కాని చదువు కాలము చూడగా, పురుషుడు నెలకు సగటున 33 నిమిషములు చదివిన, స్త్రీ 207 నిమిషములు చదివినది. గ్రంథాలయ కార్యకర్తలు మరువరాని లెక్క యిది. తలుపు దగ్గర నిలిచిపోయినది ఆమెయే. లోనికి వచ్చిన పిమ్మట ఎక్కువ చదివినదియు ఆమెయే.

తెలుగు చదువరికి తెరమీద నేడు లభించు గ్రంథసంపద తక్కువది కాదు. ప్రథమ్ బుక్స్ సంస్థవారు 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినమున, ‘స్టోరీవీవర్’ను ఆరంభించిరి. అందు తెలుగుతో సహా అనేక భాషల బొమ్మల కథలు నాలుగు మెట్లుగా గలవు. వానిని రుసుము లేక చదువవచ్చును, దింపుకొనవచ్చును, అచ్చువేసికొనవచ్చును, మరియొక భాషలోనికి మార్చవచ్చును. గూగుల్‌వారు 2020లో ‘రీడ్ ఎలాంగ్’ అను పరికరమును తెలుగుతో సహా తొమ్మిది భాషలలో విడుదల చేసిరి. పిల్ల పైకి చదువుచుండగా అది వినును. తడబడిన మాటను పలికి చూపును. తప్పు చదివిన నలుగురు నవ్వుదురను భయముగల పదునారేండ్ల పిల్లకు ఇట్టి ఒంటరి అభ్యాసము ఎంత మేలో ఉపాధ్యాయు లెరుగుదురు. 2018లో జాతికి అంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయమున పాఠ్యగ్రంథములును, పరీక్షలకు వలసినవియు గలవు. తెలుగు వికీసోర్సులో వెనుకటి రచయితల గ్రంథములు చదువవచ్చును. ఒక గ్రామ గ్రంథాలయపు బీరువాలో పట్టనన్ని పుస్తకములు ఒక పలకయంత ట్యాబులో పట్టును. అక్షరము చిన్నదైన పెద్దది చేసికొనవచ్చును. అట్టమీద ‘ఒకటవ తరగతి’ అని వ్రాసియున్న పుస్తకమును ఇరువదేండ్ల కోడలు నలుగురిలో చేతబట్టుటకు సిగ్గుపడును. తెరమీద ఆ సిగ్గు లేదు.

చూచుచు చదువుటకు మరియొక సులువైన ఉపాయము గలదు. బ్రిజ్ కొఠారిగారు 1996లో అహమ్మదాబాదున, సినిమా పాట ఏ భాషలో నున్నదో ఆ భాషలోనే పాట మాటలను తెరక్రింద వ్రాసి చూపు పద్ధతిని రూపొందించిరి. నోటికి వచ్చిన పాటను కన్ను అనుసరించును. వినికిడి అక్షరముగా మారును. ఖర్చు స్వల్పము, వినోదము అధికము. పాటలను ప్రేమించు ఇంట ఇది ఓనమాల బడి కాగలదు.

అయినను తెరను దేవతగా పూజింపరాదు. పెరూ దేశమున లక్షలకొలది పిల్లలకు చిన్న కంప్యూటర్లు పంచిరి. 2012లో ప్రకటింపబడిన పరిశీలనలో, గణితమునందుగాని భాషయందుగాని వారికి చెప్పదగిన లాభము కానరాలేదు. పెట్టె ఇచ్చుట వేరు, చదువు చెప్పుట వేరు. 2018లో స్పెయిను, ఇజ్రాయెలు పరిశోధకులు 54 పరిశీలనలను కూర్చి చూడగా, విషయ ప్రధానమైన పాఠము కాగితముమీద చదివినపుడు మేలుగా అర్థమగునని, కథల విషయమున తేడా కానరాలేదని తేలినది. దీని సారము గ్రంథాలయమునకు అనుకూలమే. కథ తెరమీద చదివింపుడు. అందుచే అలవాటు పడును. పాఠము, పత్రిక, చట్టము, ఆరోగ్యము కాగితముమీద చదివింపుడు. ఒకటి రెండవదానికి శత్రువు కాదు.

పెద్దల భయములను తేలికగా కొట్టివేయరాదు. ఫోను చేతికిచ్చిన పిల్ల చెడునని, ఎవరెవరో మాటలు కలుపుదురని, వీడియోలలో కాలము పోవునని తల్లులు చెప్పుదురు. అందు నిజము గలదు. అయితే ఆ నిజము మగపిల్లలకును వర్తించును. వారి చేతినుండి ఫోను ఎవ్వరును లాగికొనుట లేదు. నూరేండ్ల క్రిందట ఆడపిల్లకు చదువు వలదన్నవారును ఇట్లే అనిరి. వ్రాయనేర్చిన ఉత్తరములు వ్రాయునని భయపడిరి. భయమునకు మందు నిషేధము కాదు, నలుగురిలో నమ్మకమైన చోటు. మూల గదిలో దాగి చూచు ఫోనుకంటె, గ్రంథాలయపు బల్లమీద నలుగురు పిల్లలు కలిసి చదువు ట్యాబు తల్లికి ధైర్యము నిచ్చును.

కావున గ్రామ గ్రంథాలయములు చేయదగిన పనులు కొన్ని గలవు. అవి పెద్ద ధనముతో కూడినవి కావు.

మొదటిది, నాలుగైదు ట్యాబులు గ్రంథాలయ ఆస్తిగా కొని, పుస్తకములవలెనే వరుససంఖ్య వేసి పుస్తకముల పట్టీలో నెక్కించుట. కథలను ముందుగనే దింపి యుంచవలెను. తండాలలో సిగ్నలు అందని చోటులు గలవు; సిగ్నలుపై ఆధారపడిన చదువు గాలిలో దీపము. వీడియోలకును, ముచ్చట్లకును దారితీయు యాపులు అందు లేకుండ చూచినచో పెద్దల భయము సగము తీరును.

రెండవది, వేళ. మగవారు పత్రికలు చదువు సాయంకాలము ఆడపిల్ల రాదు. బడి విడిచిన పిమ్మట ఒక గంట విద్యార్థినులకు, మధ్యాహ్నము వంట ముగిసిన పిమ్మట ఒక గంట కోడండ్రకు, పెద్ద స్త్రీలకు కేటాయింపవలెను. పత్తి ఏరు దినములలో వేళ మార్చుకొనవలెను. పంట వేళకు తగినట్లు గ్రంథాలయము నడువవలెనుగాని, గ్రంథాలయపు వేళకొరకు పంట ఆగదు.

మూడవది, మనిషి. ఇంటరు చదివి ఇంటనున్న ఆ యూరి యువతినే ఈ గంటలకు బాధ్యురాలిగా నియమించి, కొద్దిపాటి గౌరవవేతన మీయవలెను. పరికరమువద్ద కూర్చుండి ‘ఈ మాట మరల చదువుము’ అని చెప్పు మనిషి లేనిచో పెరూ కథయే ఇచ్చటను జరుగును. గడప దాటలేని స్త్రీలకొరకు కేరళలో స్త్రీలే పుస్తకములు మోసికొని ఇల్లిల్లు తిరుగు పద్ధతిని అచ్చటి గ్రంథాలయ మండలి నడిపినది. ఇచ్చటి స్వయంసహాయక సంఘముల సమావేశమునకు ట్యాబుతో పోవుట అంతకంటె సులువు.

నాలుగవది, భాష. తెలుగుతోపాటు ఉర్దూ కథలు, సరిహద్దు గ్రామములలో కన్నడ కథలు నుంచవలెను. లంబాడి కథలను తండా పెద్దమ్మల నోటనుండి విని, పిల్లలే తెలుగు లిపిలో వ్రాసి, బొమ్మలు గీసి, తెరమీది పుస్తకముగా చేయవచ్చును. తన అవ్వ చెప్పిన కథ అక్షరమై తెరమీద కనబడిన పిల్లకు చదువు పరాయిదిగా తోచదు.

ఐదవది, చదువునకు ముందుదారి. తెరమీద కథలు చదివి వేగము పుంజుకొన్న యువతిని తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్షకు పంపవలెను. మధ్యలో చదువు మానిన వయోజన స్త్రీలకొరకు సంక్షిప్త పాఠక్రమము లుండవలెనని దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు స్వాతంత్ర్యానంతర కాలముననే పాటుపడిరి. 1958లో జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలైనది ఆమెయే. ఆ పని ఇంకను మిగిలియే యున్నది.

ఆరవది, లెక్క. ఎన్ని ట్యాబులు కొంటిమనునది లెక్క కాదు. చేరిన దినమున పిల్ల ఎన్ని పంక్తులు చదివినది, ఆరునెలలకు ఎన్ని పంక్తులు చదివినది, బడి మానినవారిలో ఎందరు మరల చదువునకు మళ్ళిరి – ఇది లెక్క. ఇది నెలనెల గోడమీద పెట్టవలెను. పేర్లు లేకుండ సంఖ్యలు మాత్రమే పెట్టవలెను. తడబడువారికి సిగ్గు కలుగరాదు.

ఈ చదువు దేనికని అడుగువారికి నెల్లూరు జిల్లా స్త్రీలు సమాధానము చెప్పిరి. 1991లో అచ్చట అక్షరాస్యతా ఉద్యమము నడచినపుడు, రాత్రిబడి వాచకమున తమ బ్రతుకునే చూచుకొన్న దూబగుంట స్త్రీలు సారా దుకాణము నెదిరించిరి. ఆ నిప్పురవ్వ రాష్ట్రమంతట పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడెను. వారు చదివినది పెద్ద గ్రంథము కాదు, కొద్ది పాఠముల వాచకము. తమ సంగతి చెప్పు పాఠము చేతికి అందినది. దానిని నలుగురు కూడి చదివిరి. వాచకము కాగితమైననేమి, తెరయైననేమి? కూడి చదువుటలోనే ఆ బలము పుట్టినది.

చివరగా ఒక చిన్న విషయము. గ్రంథాలయ సభ్యత్వపు పట్టీలో ఆడపిల్ల పేరు వ్రాయునపుడు ‘ఫలానావారి కుమార్తె’ అనియో ‘ఫలానావారి భార్య’ అనియో వ్రాసి ఊరకుండరాదు. ఆమె పేరు మొదట, ఆమె చేతితోనే వ్రాయింపవలెను. చేయి వణకినను, అక్షరము వంకరపోయినను దానినే ఉంచవలెను. ఆమె తీసికొన్న పుస్తకమును గూర్చి ఇంటివారు వచ్చి అడిగినను, ఆమె అనుమతి లేక చెప్పరాదు. అచ్చమాంబగారు తమ్ముని పాఠము ప్రక్కన కూర్చుండి చదువు సంపాదించుకొనిరి. ఈ యూరి పిల్ల ప్రక్కన కూర్చుండనక్కరలేదు. బల్ల యెదుట, తన పేరనున్న కుర్చీలో కూర్చుండవలెను.

రాబోవు ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. ఆనాడు ఈ పట్టీ తెరచి చూచువారికి తొలి పుటలలో ఆ వంకర అక్షరములును, తరువాతి పుటలలో అవే చేతుల చక్కని సంతకములును, ఆ పిమ్మటి పుటలలో వారి కుమార్తెల పేర్లును కనబడవలెను. అందులకు నేడే, ఈ ఉత్సవము ముగియకమునుపే, మొదటి పేరు వ్రాయించుటకు కార్యవర్గమువారు పూనుకొందురు గాక.